చేసిన పని మళ్లీ చేయని లతీఫ్ సాబ్

లతీఫ్ సాబ్ చేసిన పని మళ్లీ చేయడు. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. బీపీయో షుగరో అయితే భార్య అజీజా బేగం సర్దుకుపోయేది. వాటికి మాత్రలున్నాయి.

మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండకు ఒకే రూట్లో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరు పని చేసి రిటైరయ్యాడు. శాలువా కప్పిన రోజు వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నేళ్లూ ఒక్కరోజులాగే కనబడ్డాయట. ఇంటికొచ్చి, శాలువా తీయకుండానే తీర్పు చెప్పాడు.

"చిన్నప్పుడు ఒక్క ఎండకాలం ఎంత పొడుగుండె. రోజూ ఏదో ఒక కొత్త ముచ్చట. ఇప్పుడు చేసిందే చేస్తున్నం, అందుకే ఏండ్లు ఉరుకుతున్నయి. రేపటిసంది ఏదీ రెండోసారి చెయ్య."

ఆ రేపటి నుంచే అజీజా బేగానికి నరకం మొదలైంది. ఒకనాడు తెల్లారగానే బిర్యానీ అడిగాడు. ఒకనాడు మంచం మీద కాళ్లవైపు తలపెట్టి పడుకుని, పొద్దున లేస్తూ గోడను గుద్దుకున్నాడు. మంగలిషాపులన్నీ ఒక్కో చుట్టు తిరిగొచ్చాక తనే కత్తెర పట్టాడు. ఆ నెలంతా నెత్తి మీది టోపీ తీయలేదు. పాలప్యాకెట్టుకు రోజుకో సందులో పోయి, సందులు అయిపోతే జడ్చర్ల దాకా పోయి తెచ్చాడు. ఇల్లు చేరేసరికి పాలు విరిగాయి. ఇన్నేళ్లలో ఇట్లా ఎన్నడూ కాలేదని తెగ సంతోషపడ్డాడు.

రోజులు నిజంగా పొడుగయ్యాయా అని కూతురు నిషాత్ ఫోన్లో అడిగితే, అజీజా బేగం న్యాయంగానే జవాబిచ్చింది. "ఆయన సంగతేమో గని, నాకైతే ఒక్కొక్క రోజు నెలంత అయితాంది."

అట్లాంటి మనిషి ప్రతి సోమవారం, ప్రతి గురువారం తొమ్మిది కొట్టగానే అదే నీలం చొక్కా తొడుక్కుని, అదే సందులోంచి మాయమవడం మొదలుపెట్టాడు. వరుసగా ఆరు వారాలు! వేరే ఇంట్లో అయితే దీన్నెవరూ పట్టించుకోరు. అజీజా బేగం గుండెలో మాత్రం రాయి పడింది. అడిగితే పనుందన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ పనుందన్నాడు. జవాబు కూడా మార్చలేదు! ఇంకో ఆడది ఉందేమో అనుకుందామంటే, ఆ కత్తిరించుకున్న తల చూశాక నమ్మబుద్ధి కాలేదు. ఇక మిగిలింది రోగమే. అది తలచుకుంటే ఆమెకు అన్నం సహించలేదు.

ఏడో సోమవారం ఆటో ఎక్కి వెంటపడింది. ఆయన తిన్నగా పెద్ద దవాఖానలోకి పోయాడు. రక్తం శుభ్రం చేసే మిషన్ల గది దాకా వెనకాలే పోయి తొంగిచూసింది. మంచం మీద ఉన్నది ఆయన కాదు. ఆయన బస్సు నడిపిన డ్రైవర్ కాటమయ్య. పక్కనే స్టూలు మీద లతీఫ్ సాబ్ కూర్చున్నాడు.

"జడ్చర్ల, జడ్చర్ల. దిగేటోళ్లు దిగుండ్రి. కాటమన్నా, జర ఆపు, అవ్వ కోడిపుంజు చెయ్యి జారింది."

కాటమయ్య కళ్లు మూసుకునే, గొట్టాలు లేని చేత్తో గేరు మార్చాడు.

గుమ్మం దగ్గర నర్సు కరుణ ఆమెకు సంగతి చెప్పింది. కాటమయ్య కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండాలి. మొదట్లో గడియారం చూసి చూసి ఏడ్చేవాడట, ఇక రానని మొండికేశాడట. ఇప్పుడు లతీఫ్ సాబ్ ప్రతిసారీ అదే బస్సును, అవే స్టేజీలతో, అదే కోడిపుంజుతో తిప్పుతున్నాడు. ఒక్క ముక్క మారదు.

లతీఫ్ సాబ్ భార్యను చూసి దొంగలా లేచొచ్చాడు.

"కొత్తది చెప్తే గంటలు పొడుగైతయి," అన్నాడు మెల్లగా. "ఆయనకు టైం తొందరగ పోవాలె గదా. జర ఎవరికీ చెప్పకు, నా ఇజ్జత్ పోతది."

అజీజా బేగానికి నవ్వూ వచ్చింది, ఈయన మీద ఎన్నడూ లేనంత ప్రేమా వచ్చింది. ఆయన పోయి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. కల్వకుర్తిలో చాయ్ తాగారు, దేవరకొండలో జనాన్ని ఎక్కించుకున్నారు. నాలుగు గంటలు అయిపోయి మిషన్ కూత పెట్టాక కాటమయ్య కళ్లు తెరిచాడు.

"అప్పుడే నల్లగొండ వచ్చిందా భాయ్?"

గురువారం తొమ్మిదింటికి లతీఫ్ సాబ్ నీలం చొక్కా కోసం చూస్తే, అది ఇస్త్రీ అయి మంచం మీద ఉంది. పక్కనే అజీజా బేగం చాయ్ ఫ్లాస్కు పట్టుకుని, బురఖా వేసుకుని తయారుగా నిలబడింది.

"నడువుండ్రి," అంది. "నేను గూడ నల్లగొండకే."