మొక్కు పొట్టేలుకి సూది

“అమ్మోరికి వదిలిన పొట్టేలికి సూది గుచ్చితే ఒంటిమీద గాయం పడ్డట్టేనే అమ్మా. మొక్కు సెల్లదు. మిగతా మందకి ఏయించుకో, దాన్నొగ్గీ.”

“సెల్లకపోతే ఇంకోటి మొక్కుకుందుం. మంద సత్తే నువ్వెళ్లి మేత్తావేటి గడ్డి? రేపు కొమ్ములట్టుకో, సాలు.”

నిన్న సాయంత్రం మా పెద్దోడికీ నాకూ జరిగిన తగవిది. పశువుల డాక్టరు అప్పటికే పక్క వీధి మందలకు బొబ్బరోగం టీకాలు వేస్తున్నాడు. ఆ స్పిరిటు వాసన మా గుమ్మం దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు మళ్లీ ఎనిమిదేళ్లు.

అప్పుడూ వానాకాలమే. తడిసిన కంబళ్ల కంపు, పొయ్యి మీద కాగే చోడంబలి, పాక నిండా పెంటికలు, వాటి మధ్య ఈనిన గొర్రెలు, టీకా వయసు రాని గొర్రెపిల్లలు. పొరుగూరి మందల్లో బొబ్బరోగం దిగిందని మా అయ్య బొబ్బిలి వెళ్లి డాక్టరును తీసుకొచ్చాడు. అన్నిటికీ సూదులు పడ్డాక మొక్కు పొట్టేలు మిగిలింది. దాని కొమ్ములు నేను పట్టుకున్నాను. అయ్యకు అన్న, మా పెద్దయ్య, అడ్డం వచ్చాడు. “అమ్మోరి సొమ్ముకి సిల్లెడతావేట్రా!” అంటూ కొమ్మలు వంచే దోటికర్రతో అయ్యను కొట్టాడు. నుదురు చిట్లి నెత్తురు నా చేతుల మీదా, పొట్టేలి బొచ్చు మీదా పడింది. డాక్టరు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

రెండు వారాలు తిరగకుండా ఆ పొట్టేలికి కళ్ల చుట్టూ, మూతి మీద, తోక కింద బొబ్బలు లేచి పగిలాయి. సూది పడ్డ గొర్రెలు నిలబడ్డాయి గానీ, దాని పక్కన పడుకున్న గొర్రెపిల్లలకు అంటుకుంది. అయ్య గునపం తిరగేసి పొట్టేలి నుదుటి మీద కొట్టాడు. ఒక దెబ్బకు చావలేదు. “ఒసే, ఒగ్గీకు. గట్టిగా అట్టుకో” అన్నాడు నాతో. మూడో దెబ్బకు కొమ్ము విరిగి నా చేతిలో ఉండిపోయింది. గొయ్యి తవ్వింది పెద్దయ్యే. రోగం తగిలిన పిల్లలనూ అందులోకే విసిరారు. మట్టి పోస్తుంటే ఒకటి ఇంకా కాళ్లాడించింది. పెద్దయ్య గోతిలోకి దిగి దాని మెడ తొక్కాడు. పైకొచ్చాక అయ్య నుదుటి కట్టు వైపు చూడలేదు.

ఇప్పుడు మా వైపు కంబళ్లు నేసేవాళ్లు లేరు. ఆ గొయ్యి మీద సిమెంటు రోడ్డు పడింది. మొక్కులు మాత్రం పోలేదు.

ఈ పొద్దున్న డాక్టరు వచ్చాడు. మా పెద్దోడు పాక బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొమ్ములు నేనే పట్టుకున్నాను. సూది దిగింది.