మా చదువుల సంఘం మొదటి బ్యానర్

ఆ రోజుల్లో నాకు తెలుగు బ్రహ్మాండంగా వచ్చని నేనే కాదు, గల్ఫ్‌లో, రూవిలోని మా రూమ్ మొత్తం నమ్మేది. డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం అందుకు కారణం. (ఆ డిగ్రీ బీకామ్ అనీ, ఇంటికి పంపే తెలుగు మెసేజులు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాణ్ణనీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) కంపెనీలో టైమ్‌కీపర్‌గా చేరి ఆర్నెల్లయినా కాలేదు, మా సైట్ ఫోర్‌మన్ ఒక శుక్రవారం పొద్దున్నే వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. నిజామాబాద్ వైపు మనిషి, అందరికీ కాకా. గోడ కట్టడంలో ఆయనకు సాటి లేదు గానీ అక్షరం ముక్క రాదు. "నా పెండ్లాం ఫోన్ల రాసేది నాకంటె ముందుగాల రూమంత సదువుతున్నరు రా. గిట్ల గాదు. సదువు నేర్పే సంఘం పెడదాం. నేను ప్రెసిడెంటు, నువ్వు సారువు" అన్నాడు. తీరిక లేదన్నాను. "శుక్రవారం నీకేం డ్యూటీ రా? పండుడే గద!" అన్నాడు. మా సంఘం అలా పుట్టింది.

తెలిసినవాళ్ల మెస్ వెనక హాల్లో క్లాసులు మొదలుపెట్టాం. మొదటివారం బోర్డు మీద అ నుంచి ఔ దాకా ఠీవిగా రాసి, వెనక్కి జరిగి చూసుకుంటే అందులో ఋ లేదు! (ఆ వారమంతా బాత్రూమ్ తలుపు వేసుకుని, ఫోన్‌లో చిన్నపిల్లల అక్షరాల పాటలు చూసి నేర్చుకున్నాను. కడుపు బాగాలేదేమోనని రూమ్‌వాళ్లు మజ్జిగ తెచ్చిచ్చారు.) అందరిలోకీ నన్ను భయపెట్టింది కడప అక్క. అల్ ఖౌద్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. మేడమ్‌ని బతిమాలి, బస్సెక్కి అంతదూరం వచ్చేది. "సారూ, రెండు 'ర'లు యాలబ్బా?" అని అడిగింది ఒకరోజు. ఱ పాతకాలపుదని తప్పించుకోబోయాను. "నేను కొత్తగా నేర్చుకుంటాండా గదా, పాతది నాకొద్దులే" అని దాన్ని కొట్టేసింది. తొందరలో ఊహించి చదివేసేది కూడా. "ఊహించొద్దక్కా, ఉన్నది ఉన్నట్టు చదువు" అని ప్రతివారం గద్దించేవాణ్ణి.

ఏడాది నిండగానే సభ పెట్టాం. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఒక పెద్దాయన అతిథి. ఆయన ముందు కడప అక్క బ్యానర్ చదవాలని కాకా తీర్మానం. అక్కకు అది సరదా వ్యవహారం కాదు. "నిజంగా చదువుకే వెళ్తున్నావా? వీడియో చూపించు, లేకపోతే ఇక సెలవు లేదు" అని మేడమ్ చెప్పేసింది. బ్యానర్ బాధ్యత నాది. ఫోన్‌లో సంఘం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ప్రతి మాటకూ అది నాలుగు తెలుగు రూపాలు చూపించింది. మొదటిది నొక్కి ప్రింటింగ్ షాపుకు పంపేశాను. చదువుకున్నవాళ్లమంతా దాని ముందు నిలబడి ఫోటోలు కూడా దిగాం.

అక్క చెంగుతో చెమట తుడుచుకుని లేచింది. "వలస... కార్మికుల... అక్షర... హా..." అని ఆగిపోయింది. "అక్షరాస్యత అక్కా" అని అందించాను గుసగుసగా. ఆమె కదల్లేదు. "ఈడ 'హా' ఉండాది సారూ." కంగారుపడకుండా మళ్లీ చదవమన్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ మాట తిరగలేదు. "ఊహించొద్దని మీరే గదా చెప్పినారు. అక్షర హాస్యత సంఘం! అట్లే ఉండాది!"

నేను బ్యానర్ వైపు చూశాను. అట్లే ఉంది.

అతిథి కళ్లజోడు సర్దుకుని చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంతకంటే రుజువేం కావాలమ్మా! సారు తప్పాడు, నువ్వు పాసయ్యావు" అని లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కాకా బ్యానర్ దగ్గరికి నడిచి, వేలు పెట్టి కూడబలుక్కుని, "అవు రా, హా ఉన్నది! నాకు గూడ కనబడ్డది!" అని గంతేశాడు. నేను దానిమీద కాగితం అతికిస్తానంటే ఒప్పుకోలేదు. "ఉండనియ్యి. నవ్వుకుంటనే సదువుకుంటున్నం గద." మేడమ్‌కు వీడియోలో తెలుగు అర్థం కాకపోయినా ఆ చప్పట్లు అర్థమయ్యాయట. అక్కకు శుక్రవారాలు దక్కాయి.

ఇప్పుడు ఇబ్రా ఊళ్లోనూ మా క్లాసు నడుస్తోంది. రూవిలో కొత్తవాళ్లకు కడప అక్కే పాఠం చెబుతోంది. (ఱ ఇప్పటికీ చెప్పదు.) సంఘం చరిత్ర రాయమని మొన్న నాకు అప్పగించారు. పాత ఫోటోలు తీస్తే ఆ సభ దొరికింది. అందరూ నోరారా నవ్వుతున్నారు. మూలన ఒక కుర్రాడు మాత్రం ఉద్యోగం పోయినట్టు తలొంచుకుని నేలచూపులు చూస్తున్నాడు. నుదుట బొట్టూ, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, అచ్చం సారు వాలకం. పాపం, ఆ రోజు వాడు కూడా నవ్వి ఉంటే ఫోటో ఎంత బాగుండేదో.