వెనక అట్ట మీది గైడు

1980 జూన్‌లో, గోదావరి అవతల మహారాష్ట్ర వైపున్న సిరోంచ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేరాను. ఈ సంగతి 1987 నాటిది. పీహెచ్‌డీకి ఎక్కడ దరఖాస్తు చేయాలో తేలనివాళ్లంతా అప్పట్లో నా దగ్గరికే వచ్చేవారు. నాగపూర్ నుంచి వాల్తేరు దాకా నేనెరగని జువాలజీ ప్రొఫెసర్ లేడు మరి. అంత లేదు లెండి. ఇద్దరిని ఎరుగుదును, వారిలో ఒకాయన నన్నెరగడు. వచ్చిన 'వాళ్లంతా' కూడా ఒక్కతే, నా పాత విద్యార్థిని, దగ్గర్లోని అంకిస ఊరి అమ్మాయి సరోజ.

నాగపూర్‌లో ఎమ్మెస్సీ ముగించి, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట చేపల మీద పరిశోధన చేస్తానని పట్టుపట్టింది. తండ్రి రాజన్న వరి రైతు. "ఈ ఏడు దొరికితె సదువు. లేకుంటె ఆశ్రమశాలల టీచర్ పని మాట్లాడి పెట్టిన, అండ్ల చేరుడే" అన్నాడు.

పరిశోధనకు యూనివర్సిటీ పేరు కన్నా గైడు ముఖ్యం. ఆయన పని మన పనికి దగ్గరగా ఉండాలి, ఆయన దగ్గర ఖాళీ ఉండాలి. మొదటిది నేను బ్రహ్మాండంగా చూశాను. మా లైబ్రరీలో గోదావరి చేపల మీద ఒక హైదరాబాద్ ప్రొఫెసర్ రాసిన పుస్తకం ఉండేది. వెనక అట్ట మీద ఆయన ఫొటో, నల్లటి ఒత్తు క్రాపుతో.

"ఈయనే నీ గైడు. ఇంకెక్కడ అప్లై చెయ్యకు" అన్నాను.

"వరంగల్ యూనివర్సిటీల ఒక రీడర్ ఉన్నడు సార్. సెమినార్ల నేనొకటి అడిగితె, నాకు తెల్వది, నువ్వే చేసి చూడు అన్నడు."

"తెల్వదన్నోని దగ్గర ఏం నేర్చుకుంటవ్ బిడ్డా?"

ముగ్గురం పడవలో గోదావరి దాటి, బస్సులు మారి హైదరాబాద్ చేరాం. ప్రొఫెసర్ ఇంటి తలుపు తీసిన పెద్దాయనను "అబ్బాయిగారున్నారా?" అని అడిగాను. ప్రొఫెసర్ తానేనని ఆయన చెప్పారు. కాఫీ ఇప్పించి, మిగతాది కూడా చెప్పారు. రిటైర్మెంట్‌కు ఎనిమిది నెలలే ఉంది. మూడేళ్లయినా సర్వీసు మిగలనివారికి అక్కడ కొత్త విద్యార్థులను ఇవ్వరు. పుస్తకం అచ్చయి ఇరవై ఏళ్లయిందట. అచ్చయిన ఏడు వేసిన ఆ పేజీ నేను చూడలేదు.

బయటికొచ్చి రాజన్న బీడీ ముట్టించాడు. "ఎండిన బాయిల మోటర్ దింపిచ్చినవ్ సార్. ఇగ నడువు బిడ్డా, ఆశ్రమశాలోళ్లకు వస్తున్నమని చెప్త."

"వరంగల్ల దిగి పోదాం బాపు" అంది సరోజ. "పోయిన నెలనే అక్కడ దరఖాస్తు ఏసిన. సార్‌కు చెప్తె బాధపడ్తడని చెప్పలే."

ఆ రీడర్ పనంతా చెరువు చేపల మీద; నది ఆయనకు కొత్త. ఖాళీలు మాత్రం రెండున్నాయి. ఏ కాలంలో ఏ చేప ఎదురెక్కుతుందో, ఏ వలకు పడుతుందో సరోజను గంటసేపు అడిగి, చేర్చుకుంటానన్నాడు. నన్ను అడిగింది ఒక్కటే, అమ్మాయికి ఏమవుతారని.

ఆ నెలలోనే రిజిస్ట్రేషన్ అయింది. ఆ గైడును నేనే ఏరి పెట్టానని సిరోంచలో చాలాకాలం చెప్పుకున్నాను, రాజన్న లేని చోట.

ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పేది ఇంతే. గైడు రాసింది చదవండి. అంతకన్నా ముందు ఆయనకు సర్వీసెంతుందో, చోటుందో లేదో కనుక్కోండి. మీ ప్రశ్న మీద ఆయనకు ఆసక్తి ఉందో లేదో ఎదురుగా కూర్చుంటే గాని తెలియదు.