ఎవరూ కూర్చోని కంప్యూటర్

వెలిగే బల్బును ఆపకుండా దాటిపోలేని వయసు నాది అప్పట్లో. (వయసు పోయింది గానీ అలవాటు పోలేదు, మా కోడలిని అడగండి.) ధర్మవరంలో మా మగ్గం పని లేక మూలన పడితే, ఒక పట్టుచీరల అంగడిలో ఊడ్చి టీలు అందించే పనికి కుదిరాను. చదివింది మూడో తరగతి, చంకలో బిడ్డ. ఆ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. చేరిన రోజే సావుకారి ఒక కట్టడి పెట్టాడు. "చూడమ్మా, మనిషి లేని తావున ఏదన్నా నడస్తాంటే నేను ఊరుకోను. కరెంటు ఊరికే రాదు." ఆ మాట నాకు భలే నచ్చింది.

అంగట్లో కింద బిల్లులు కొట్టే కంప్యూటర్లు నాలుగు, ఒక్కోదాని ముందు ఒక పిల్ల. మేడ మీద చిన్న గదిలో ఇంకొకటి. దాని ముందు కుర్చీ ఉంది, కూర్చునేవాళ్లు లేరు. అయినా పొద్దుటి నుంచీ గుర్రుమంటూనే ఉంది. మధ్యాహ్నం గది ఊడ్చి, దాన్ని ఆపేసి, మనసు నెమ్మదించి కిందికి వచ్చాను. కింద పెళ్లిచీరల బేరం జోరుగా ఉంది. కంప్యూటర్లన్నీ వెలుగుతున్నాయి గానీ ఒక్కటీ ధర చెప్పడం లేదు. చూసి చూసి పెళ్లివాళ్లు పక్క అంగడికి లేచిపోయారు. అనంతపురం నుంచి మెకానిక్ బస్సెక్కి వచ్చి, కరెంటు పోయి ఆగినట్టుందని, పైదాన్ని ఆన్ చేసి వెళ్లాడు. మర్నాడు మళ్లీ నేను ఆపాను, మళ్లీ అతను వచ్చాడు. ఆ మరుసటి రోజు అతనే ఆ కుర్చీలో కాపలా కూర్చున్నాడు. మనిషి ఉన్నాడు కదా అని నేను ఊడ్చి వచ్చేశాను. ఆ పూట ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం అతను చేయి కడుక్కోవడానికి లేచాడో లేదో, నా చేయి బటన్ మీదికి పోయింది.

"ఏమక్కా, ఏం జేస్తాండావు?" అన్నాడు గది వాకిట్లోంచి.

"ఆపుతాండా. ఎవురూ లేరు కదా."

ఆ మాట విని సావుకారి మెట్లెక్కి వచ్చాడు. "నా అంగడి ముంచింది నువ్వా? పని చాల్లే, ఇంటికి పో."

"మీరు చెప్పిందే చేసినానన్నా. మనిషి లేని తావున నడవకూడదంటిరి. నడస్తాండాది, ఆపినా."

మెకానిక్ నవ్వాపుకుని నా వైపు తిరిగాడు. "అక్కా, కింద పిల్లోళ్లకు టీ కావాలంటే ఎవుర్ని అడుగుతారు?"

"నన్ను."

"నువ్వు యాడన్నా పండుకుంటే?"

"నోరెండి కూచుంటారు."

"ఇదీ అంతే. చీరల ధరలన్నీ దీని కడుపులో ఉండాయి. కిందవి ఈ తీగలోంచి అడుగుతాయి, ఇది జవాబిస్తాది. దీన్ని సర్వర్ అంటారు. అవి అడిగేటివి, ఇది ఇచ్చేది."

"అన్నీ ఒగేసారి అడిగితే?"

"నువ్వేం జేస్తావు?"

"వరసగా ఇస్తా."

"అదీ వరసగానే ఇస్తాది."

తప్పు నాదంటే కట్టడి సావుకారిదాయె. మాట వెనక్కి తీసుకునే మనిషీ కాదు. మర్నాడు అంగడి ముందర చీర కట్టి నిలబెట్టే బొమ్మనొకదాన్ని పైకి మోయించి, ఆ కంప్యూటర్ ముందు పెట్టించాడు. "ఇప్పుడు మనిషి ఉండాది. ఊడ్చు, పో" అన్నాడు. అలా నా పని నిలిచింది. ఆ బొమ్మకు రోజూ దుమ్ము తుడిచేదాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో "అవ్వా, నా చార్జరు యాడ?" "అత్తా, బెల్లం యాడ పెట్టినావు?" అని ఎవరి గదిలోంచి వాళ్లు అడుగుతుంటారు. నేను వెనక గదిలో గోడకానుకుని వరసగా జవాబిస్తుంటాను. నా ముందూ ఒక కుర్చీ ఉంది, వచ్చి కూర్చునేవాళ్లు తక్కువ. నా పెంపకమే కదా, మొన్న మనవరాలు అటుగా పోతూ గదిలో లైటు ఆపేసింది.

"వెయ్యి పాపా," అన్నాను చీకట్లోంచి. "మనిషి ఉండాది."