ముంపు ఊళ్ళో మంచు

పోయిన నెల ఉదయగిరి బస్సు డ్రైవరు చేతికిచ్చి మా బావ ఒక పాత సీడీ పంపాడు. నాకు కాదు, నా మేనకోడలికి. అది కాలేజీలో గూఢచారి వీడియో గేముల మీద ప్రాజెక్టు చేస్తోంది. ఆ ఆటలు ఎక్కడ మొదలయ్యాయి, ఎటు పోతున్నాయి అన్నది విషయం. రాబోయే ఆటల్లో కాపలావాళ్ళు మన గొంతు వింటారట, నిన్న మనం ఏ సందులో దాక్కున్నామో గుర్తుపెట్టుకుంటారట. "ఆ పని మన ఆత్మకూరులో ఎప్పట్నుంచో జరుగుతుండాది లేమ్మా" అన్నాను. అది నవ్వలేదు. సీడీ మీద బావ చేతిరాత చూశాక నా నవ్వూ ఆగిపోయింది. 'అవ్వ ఊరు' అని ఉంది.

బావ అంటే మా మేనత్త కొడుకు. ఇప్పుడు ఉదయగిరిలో జిరాక్సు షాపు నడుపుతున్నాడు గానీ, ఇరవై ఏళ్ళ కిందట ఆత్మకూరు బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టాడు. ఆయనకు అమ్మమ్మ, నాకు నాయనమ్మ అయిన అవ్వ అప్పుడు వాళ్ళింట్లోనే ఉండేది. ఆమె ఊరు సోమశిల డ్యాము కట్టినప్పుడు మునిగిపోయింది. మేమాడే గూఢచారి ఆటలో ఎవరికి కావలసిన ఊరు వాళ్ళు కట్టుకునే వీలుండేది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో బావ అవ్వను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు కట్టాడు: చేదబావి, గొర్రెల దొడ్డి, రాతి మిద్దెలు, వంకకు దిగే బాట. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఆట ఎక్కడో మంచుదేశంలో జరిగేది. ఆ మంచును ఆపడం బావ వల్ల కాలేదు. మనుషుల్ని పెడదామంటే పొడుగు కోట్లూ తుపాకులూ ఉన్న సిపాయిలే దొరికారు. గొర్రెల తాతా సిపాయే, నీళ్ళకు పోయే పెద్దమ్మా సిపాయే. అయినా ఎవరు ఏ సందులో ఎట్లా తిరిగేవాళ్ళో అట్లాగే తిరిగేవాళ్ళు.

"ఇదేందిరా, ఊరంతా సున్నం పోసినారు?" అంది అవ్వ మొదటిసారి చూసి. తర్వాత కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. చివరికి, "మా ఇంటి కాడ మాత్రం ఎవుర్నీ పెట్టబాక" అంది.

ఆమె కళ్ళు మసకబారుతున్నాయి. ఈ లోపల తన ఇంటి తలుపు ఒక్కసారి చూడాలని కోరిక. కట్టడం బావ వంతు, అక్కడిదాకా తీసుకుపోవడం నా వంతు. అప్పట్లో నాకు ఉద్యోగం లేదు కదా, వేళ్ళకైనా పని దొరికిందనుకున్నాను. తీరా చూస్తే నేను గూఢచారిని కాదు, గోడచారిని. గోడలు పట్టుకుని పాకడమే గానీ చేదబావి మలుపు దాటింది లేదు. రోజూ అక్కడే గొర్రెల తాత నన్ను చూసేవాడు, కాల్చేసేవాడు.

"మన ఊళ్ళో దొంగ మాదిరి వొంగి నడిచేదేందిరా? నడీ దోవన పో. ఎవురని అడిగితే నేనేనని చెప్పు."

"చెప్పేదానికి బటన్ లేదవ్వా."

"నోరు లేని ఆట ఏం ఆటరా," అని ఆమె లేచి వెళ్ళిపోయింది. రేపు కచ్చితంగా తీసుకుపోతానన్నాను. ఆ వారంలోనే అవ్వ పోయింది, తలుపు చూడకుండానే.

ఇప్పుడు మేనకోడలు ఆడుతోంది. నాలా కాదు, పిల్లిలా పోతోంది. చేదబావి మలుపులో గొర్రెల తాత తల తిప్పాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాను.

"చూసినాడు మామా. కాల్చలేదు."

అది లేచి నిలబడి నడివీధిలో నడిచింది. ఒక్కొక్కరే తల తిప్పి చూశారు. ఒక్క తుపాకీ లేవలేదు. "పాత ఆట, కొత్త కంప్యూటరు. ఏదో చెడుంటాది" అంది, కానీ గొంతు తగ్గించి అంది.

బావకు ఫోను చేశాను. "సిపాయిల్ని నువ్వేమైనా మార్చినావా?"

"అవ్వ పోయినాక దాన్ని నేను తెరవనే లేదురా." మళ్ళీ తనే అడిగాడు: "కాల్చలేదా?"

"లేదు. ఊరికే చూస్తుండారు."

"అయితే తలుపు దాకా పో," అని ఫోను పెట్టేశాడు.

తలుపు దగ్గర అవ్వ చెప్పినట్టే ఎవరూ లేరు. "తెరవనా?" అంది మేనకోడలు. ఆగమని చెప్పి, ఈ వయసులో సిగ్గేమిటని తెర దగ్గరికి వంగి అన్నాను: "నేనేనవ్వా." ఆ పాత ఆటకు చెవుల్లేవని నాకు తెలుసు. తలుపు తెరుచుకుంది. లోపల బావ ఏమీ కట్టలేదు, పైకప్పు కూడా. ఇంట్లో మంచు కురుస్తోంది. చాలాసేపు చూశాం.

"మామా," అని మేనకోడలు ఆటలో చూపును మెల్లగా వెనక్కి తిప్పింది. సందుల్లో తిరుగుతూ ఉండాల్సినవాళ్ళందరూ వచ్చి వీధిలో నిలబడి ఉన్నారు, మా వైపే చూస్తూ.

కంప్యూటర్ కట్టేసి మేం వాకిట్లోకి వచ్చేసరికి పొద్దు గుంకింది, రోడ్డు మీద సంగం బస్సు లైట్లు వేసుకుని పోతోంది. ఆ ఊళ్ళో మాత్రం ఆట కట్టినప్పుడు బావ పెట్టిన మధ్యాహ్నమే ఇంకా, ఇరవై ఏళ్ళుగా గడవకుండా, నీళ్ళ కింద మంచు కురుస్తూ.