ఎండలో వంచి చూస్తాను

మా రొయ్యల చెరువుకి మందు కొనేది ఉప్పలగుప్తంలో, నాకు వరసకి బాబాయి అయ్యే ఆయన కొట్లోనే. అసలు మందు డబ్బా మూత మీద చిన్న బిళ్ల ఉంటుంది. దానికి రంగు పూయరు. లకుముకిపిట్ట ఈకలో లాగా, కంటికి కనపడనంత సన్నటి దాని అల్లికే వెలుతురులో రంగు చూపిస్తుంది. ఎండలో వంచితే ఆకుపచ్చ కాస్తా నీలమవుతుంది. సిరాతో అచ్చు వేసిన నకిలీ బిళ్ల ఎటు వంచినా పచ్చగానే ఉంటుంది.

ఇదంతా తెలిసి కూడా, పోయిన పంటకి వంచి చూడలేదు. పెద్దాయన ఎదురుగా అనుమానపడటం ఏం బాగుంటుందని ఊరుకున్నాను. మందు పనిచేయలేదు. మర్యాద నిలిచింది, రొయ్యలు చచ్చాయి.

ఈసారి డబ్బా తీసుకుని తిన్నగా రోడ్డు మీద ఎండలోకి నడిచాను.

"అదేంటమ్మా, మా మీద నమ్మకం లేదా?" అన్నారు బాబాయిగారు లోపలినుంచి.

"ఆయ్, నమ్మకం లేదండీ," అన్నాను నలుగురికీ వినపడేలా.

బిళ్ల వంచాను. పచ్చగానే ఉంది. డబ్బా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇంకోటి ఇవ్వండి బాబాయిగారూ. అదీ ఎండలోనే చూస్తాను."

నా వెనకున్న ముగ్గురు రైతులూ తమ డబ్బాలు పట్టుకుని ఎండలోకి నడిచారు.