ఏరిన మోనజైట్‌ను మళ్లీ ఇసుకలో కలిపిన పని

మా ముత్తాత నారాయణరావు నిజాం సర్కారులో దేశ్‌ముఖ్. మా తాత కిషన్‌రావు కచేరీలో కూర్చుంటే పరగణాలోని పటేళ్లు, పట్వారీలు చెప్పులు బయట విడిచి వచ్చేవారు. మా నాన్న మున్సిఫ్‌గా పనిచేసి, నాంపల్లిలో కిరాయి ఇంట్లో కన్నుమూశారు. నేను భూగర్భ శాస్త్రం చదివి, ఖనిజాల వ్యవహారాలు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరాను. రాష్ట్రం విడిపోవడానికి కొంత ముందు నన్ను అబిడ్స్‌లోని ఆ కార్యాలయంలో బీచ్ ఇసుక విభాగానికి సంయుక్త సంచాలకుడిగా వేశారు.

తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ కలిసి ఉంటాయి. మొదటి రెండూ తవ్వి అమ్ముకోవడానికి ప్రైవేటు కంపెనీలకు లీజు ఇచ్చేవాళ్లం. మోనజైట్ సంగతి వేరు. అయస్కాంతాలకు కావలసిన అరుదైన లోహాలు అందులోనే ఉన్నాయి, అణుధార్మిక థోరియమూ అందులోనే ఉంది. కేంద్రం అనుమతి లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఒక కంపెనీ మిల్లులో అయస్కాంతాలతో, విద్యుత్ పలకలతో ఖనిజాలను వేరుచేయగా మోనజైట్ ఎక్కువగా ఉన్న కుప్ప ఒకటి మిగిలింది. దాన్ని బాల్‌రెడ్డి అడిగాడు. మా ప్రయోగశాలలో రసాయనికుడిగా నా కింద పనిచేసి, ఉద్యోగం వదిలి, ఊరి పొలం అమ్మి, లోహాలు వేరుచేయడానికి షెడ్డు కట్టుకున్నవాడు. లోహాలు తాను తీసుకుని, థోరియాన్ని తిరిగి ప్రభుత్వానికే అప్పగిస్తానన్నాడు. కేంద్రానికి దరఖాస్తు కూడా పెట్టాడు. జవాబు వచ్చేదాకా కుప్ప ఉంటే అతని షెడ్డు నిలుస్తుంది, లేకపోతే లేదు.

అప్పటికే ప్రతిపక్షం వాళ్లు థోరియం ఓడలెక్కి విదేశాలకు పోతోందని సభలు పెడుతున్నారు. ఆ కంపెనీ అధికారపక్షం మనుషులది. ప్రతిపక్షానికి ఆ కుప్ప ఆయుధం, అధికారపక్షానికి కంటిలో నలుసు. కుప్పను ఏం చేయాలో తేల్చే కమిటీ సమావేశంలో నేను కుప్పకు కంచె వేసి, కాపలా పెట్టి, కేంద్రం తేల్చేదాకా విడిగా ఉంచాలని వాదించాను. సచివాలయం నుంచి వచ్చిన ఉపకార్యదర్శి ఓపికగా విని, కుప్ప ఉన్నంతకాలం అసెంబ్లీలో ప్రశ్న ఉంటుందని, కుప్ప లేకపోతే ప్రశ్న కూడా ఉండదని అన్నాడు. నిబంధనల్లో దానికి దారి ఉంది. మోనజైట్‌ను, ఖనిజాలు తీసేశాక మిగిలిన వట్టి ఇసుకతో కలిపి, తవ్విన గుంటల్లోనే పూడ్చవచ్చు. అణుధార్మికత తీరంలో మొదట ఉన్న స్థాయికి దిగితే చాలు. నా అసమ్మతిని రాయించాను. ఉత్తర్వు మాత్రం వాళ్లు అనుకున్నట్టే వచ్చింది. అమలు చూసే బాధ్యత నా హోదాకే పడింది.

తీరానికి బయలుదేరే ముందు నాంపల్లి స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో బాల్‌రెడ్డి కలిశాడు. చాయ్ సగం తాగి కప్పు పక్కకు జరిపాడు.

"సార్, గంత పెద్ద మిల్లు పెట్టి ఏరింది ఎందుకు? మళ్ల ఇసుకల కలిపేటందుకేనా?"

ఉత్తర్వు వచ్చిందన్నాను. కావాలంటే తరువాత మళ్లీ ఏరుకోవచ్చని కూడా అన్నాను.

"పిండిల కలిపిన ఉప్పును ఏరుమంటున్రు. మీకు తెల్వదా ఏంది?" అని నవ్వాడు. "మీ తాత ఉత్తర్వులు ఇస్తుండె, మీరు మోస్తున్రు. గంతే ఫరక్, దొరా."

సర్వీసులో ఉండగా నన్ను అతను ఎప్పుడూ దొరా అనలేదు. మందలిద్దామనుకున్నాను. కానీ అతను అన్నది అబద్ధం కాదు.

తీరంలో పని పద్ధతిగానే జరిగింది. కుప్పను తడిపి, ధూళి లేవకుండా, ఒక వంతు మోనజైట్‌కు అనేక వంతుల వట్టి ఇసుక కలిపి గుంటల్లో పోశారు. మీటరు పెట్టి చూశాం. తీరానికీ గుంటకూ తేడా లేదు. ఎవరికీ హాని జరగలేదు. సరిగ్గా జరిగిందని సంతకం చేశాను. ఈనాటికీ ఆ సంతకంలో తప్పు పట్టలేరు.

ఇప్పుడు విద్యుత్ కార్లకు అయస్కాంతాలు దొరకడం లేదని, పరాయి దేశాన్ని చేయి చాచి అడగాల్సి వస్తోందని పత్రికల్లో చదువుతున్నాను. ప్రమాదం అని కాపాడటం ఒకటి, ప్రశ్న వస్తుందని పూడ్చడం ఒకటి. ఫైలులో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే.

బాల్‌రెడ్డి దరఖాస్తుకు కేంద్రం నుంచి అనుకూలంగానే జవాబు వచ్చింది. అప్పటికి షెడ్డును పెళ్లి సామాన్లు కిరాయికిచ్చే వ్యాపారి కొన్నాడు. లోహాలు వేరుచేసే తొట్లను బట్టలకు రంగులద్దేవాళ్లు పట్టుకుపోయారు.